మంటల్లో ప్రమాదకర రసాయన ట్యాంకర్ల నిలకడ కాలం: నమూనా గణన, పరవాడ పరిసరాలకు అన్వయం

సారాంశం

ప్రమాదకర పదార్థాలను మోసే ట్యాంకర్ మంటల్లో చిక్కుకున్నప్పుడు అది ఎంతసేపు నిలుస్తుందన్నది ఉక్కు మందంపై మాత్రమే ఆధారపడదు. లోపల ద్రవం ఎంత ఎత్తులో ఉంది, ద్రవం తగలని గోడ భాగం ఎంత, మంట ఏ రకానిది, ఉష్ణ కవచం ఉందా లేదా అన్న అంశాలు దానిని నిర్ణయిస్తాయి. ఈ వ్యాసంలో సరళమైన శక్తి సమతుల్య నమూనా ద్వారా ఒక ఎల్.పి.జి. ట్యాంకర్ నిలకడ కాలాన్ని అంచనా వేసే విధానాన్ని దశలవారీగా వివరించడమైనది. కవచం లేని ట్యాంకర్ పొడి గోడ సుమారు 9 నిమిషాల్లో తన బలంలో సగానికి పైగా కోల్పోతుందనీ, మనిషి 1600 మీటర్లు నడవడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుందనీ గణన చూపుతుంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న అంతరమే పరవాడ వంటి పారిశ్రామిక, వ్యవసాయ మిశ్రమ ప్రాంతాల్లో విస్తరణ కార్యకర్తలు గ్రామీణులకు అందించవలసిన ముఖ్య సందేశం.

ఉపోద్ఘాతం

రైతు పొలంలో చల్లే ఎరువు, పైరుపై పిచికారీ చేసే మందు పొలానికి చేరేలోపు ఏదో ఒక దశలో ప్రమాదకర పదార్థ రూపంలో రహదారిపై ప్రయాణిస్తాయి. యూరియా, డి.ఎ.పి. తయారీకి మూలమైన నిర్జల అమ్మోనియా పీడనంతో కూడిన ద్రవంగా రవాణా అవుతుంది. ఇ.సి. రూపంలో లభించే పురుగుమందుల్లో జైలీన్ వంటి మండే ద్రావణులు ఉంటాయి. ట్రాక్టరుకు, పంపుసెట్టుకు డీజిలు, ఇంటి పొయ్యికి ఎల్.పి.జి. కూడా ట్యాంకర్లలోనే వస్తాయి. అందువల్ల ఈ పాత్రల భద్రతను రసాయన ఇంజినీర్ల వ్యవహారంగా మాత్రమే భావించి వ్యవసాయ విద్యార్థి పక్కన పెట్టడం సమంజసం కాదు.

ఈ అంశం అత్యంత ప్రత్యక్షంగా కనిపించే ప్రాంతాల్లో పరవాడ ఒకటి. పూర్వపు విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 పునర్వ్యవస్థీకరణ తరువాత అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ మండలంలో జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మాసిటీ, సింహాద్రి తాప విద్యుత్ కేంద్రం ఉన్నాయి. లంకెలపాలెం వద్ద 16వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతాన్ని విశాఖ ఓడరేవుతోను, ఉక్కు కర్మాగారంతోను, గంగవరం రేవుతోను కలుపుతుంది. మిథనాల్, టోలీన్, అసిటోన్ వంటి ద్రావణులు డ్రమ్ముల్లోను, ట్యాంకర్లలోను ఇక్కడికి వస్తాయి. అదే రహదారుల పక్కన తాడి, తానాం వంటి గ్రామాలు, వాటి పంట పొలాలు, పశువుల పాకలు ఉన్నాయి.

ఈ ప్రాంతపు చరిత్ర కూడా హెచ్చరికలు లేనిది కాదు. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నంలోని హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధి కర్మాగారంలో ఎల్.పి.జి. లీకై అంటుకున్న మంటల్లో గోళాకార నిల్వ ట్యాంకులు పేలి సుమారు 60 మంది మరణించారు. 2020 జూలై 13 రాత్రి పరవాడ ఫార్మాసిటీలోని ద్రావణుల పునరుద్ధరణ కర్మాగారంలో పెద్ద అగ్నిప్రమాదం సంభవించి, పేలుళ్ల శబ్దాలు పరిసర గ్రామాలకు వినిపించాయి. 2024 ఆగస్టు 21న సమీపంలోని అచ్యుతాపురంలో ద్రావణి ఆవిరి అంటుకొని జరిగిన పేలుడులో 17 మంది ప్రాణాలు కోల్పోయారు. ఇవి కర్మాగారాల ఆవరణలో జరిగినవి. రహదారి విషయానికి వస్తే, 2012 ఆగస్టు 27 రాత్రి కేరళలోని కన్నూరు సమీపాన చాల వద్ద బోల్తాపడిన ఎల్.పి.జి. ట్యాంకర్ పేలి 20 మంది మరణించారు. ఆవరణలోని ట్యాంకుకు ప్రహరీ గోడ, నీటి పైపులు, శిక్షణ పొందిన సిబ్బంది ఉంటారు. రహదారిపై ట్యాంకర్‌కు తొలి సాక్షులు పక్క పొలంలో పనిచేసేవారే.

నమూనా అంటే ఏమిటి

వ్యవసాయ విద్యార్థులకు పంట నమూనాలు పరిచితమే. వాతావరణం, నేల, రకం, యాజమాన్యం అనే వివరాలు ఇస్తే డి.ఎస్.ఎస్.ఎ.టి. వంటి నమూనా పూత తేదీని, దిగుబడిని అంచనా వేస్తుంది. ఆ అంచనాను క్షేత్ర ప్రయోగ ఫలితాలతో సరిచూసిన తరువాతనే దానిని విశ్వసిస్తారు. అగ్ని నమూనా కూడా ఇదే పద్ధతిలో నడుస్తుంది. మంట ఉష్ణోగ్రత, పాత్ర కొలతలు, ద్రవ స్వభావం, నింపిన మట్టం అనే వివరాలు దానికి ప్రవేశాంశాలు. పాత్ర విఫలమయ్యే కాలం దాని ఫలితాంశం. పంట నమూనాలో ప్రతి రోజూ ఒక అడుగు అయితే అగ్ని నమూనాలో ప్రతి సెకను ఒక అడుగు.

ఇట్టి నమూనాలు మూడు స్థాయిల్లో ఉన్నాయి. మొదటిది పాత్రను పొడి గోడ, తడి గోడ, ఆవిరి, ద్రవం అనే కొద్ది ఖండాలుగా విభజించి ప్రతి ఖండానికి ఒకే ఉష్ణోగ్రతను ఆపాదించే ఖండ నమూనా. రెండవది గోడను వేలాది చిన్న మూలకాలుగా విభజించి ఉష్ణోగ్రతను, ప్రతిబలాన్ని లెక్కించే పరిమిత మూలక విధానం. మూడవది మంటలోని వాయు ప్రవాహాన్ని కూడా లెక్కించే గణన ద్రవగతిశాస్త్ర విధానం. పై స్థాయికి వెళ్లేకొద్దీ వివరం పెరుగుతుంది, దానితోపాటు కావలసిన సమాచారమూ, కంప్యూటర్ సమయమూ పెరుగుతాయి. విషయం గ్రహించడానికి మొదటి స్థాయి చాలును. కింది గణనకు కాగితం, సాధారణ కాలిక్యులేటర్ సరిపోతాయి.

భౌతిక సూత్రం: తడి గోడ, పొడి గోడ

పొయ్యిపై అన్నం గిన్నెలో నీరు ఉన్నంతసేపు అడుగు మాడదు. నీరు ఇగిరిన తరువాత కొద్ది నిమిషాల్లోనే మాడుతుంది. మంట మారలేదు, గిన్నె మారలేదు. వేడిని తీసుకుపోయే నీరు మాత్రమే పోయింది. ట్యాంకర్ భద్రత మొత్తం ఈ ఒక్క సూత్రంపై నిలిచి ఉంది.

ఇదే సూత్రం పైరులోను కనిపిస్తుంది. తగినంత తేమ ఉన్న పైరు ఆకు మధ్యాహ్నపు ఎండలో కూడా గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగానే ఉంటుంది, ఎందుకంటే బాష్పోత్సేకం ద్వారా గుప్తోష్ణం రూపంలో వేడి బయటకు పోతుంది. బెట్ట పరిస్థితుల్లో పత్రరంధ్రాలు మూసుకుంటే ఆకు వేడెక్కుతుంది. పరారుణ ఉష్ణమాపకంతో పైరు ఉష్ణోగ్రత కొలిచి బెట్టను గుర్తించే విధానానికి ఆధారం ఇదే. అగ్నిమాపక సిబ్బంది పరారుణ కెమెరాతో ట్యాంకర్‌ను చూసినప్పుడు ద్రవ మట్టం ఒక గీతలా కనిపించడానికి కారణమూ ఇదే.

అయితే ఉష్ణ తీవ్రతలో భేదం అపారం. నడివేసవి మధ్యాహ్నం చదరపు మీటరు నేలపై పడే సౌర వికిరణం సుమారు 1 కిలోవాట్. స్టీఫన్–బోల్ట్‌జ్‌మన్ నియమం ప్రకారం 800 డిగ్రీల సెల్సియస్ మంట చదరపు మీటరుకు గరిష్ఠంగా సుమారు 75 కిలోవాట్లు వెదజల్లుతుంది. 871 డిగ్రీల వద్ద అది 97 కిలోవాట్లకు, 1204 డిగ్రీల జెట్ మంటలో 270 కిలోవాట్లకు చేరుతుంది. ఉష్ణోగ్రత నాలుగవ ఘాతానికి అనుగుణంగా వికిరణం పెరగడమే ఇందుకు కారణం. అంటే మంటల్లో చిక్కిన ట్యాంకర్ ఒకేసారి డెబ్బై అయిదు సూర్యుల ఎండలో నిలిచినట్లే.

ఈ వేడి తడి గోడను తాకినప్పుడు ఏమవుతుంది? చదరపు మీటరుకు 60 కిలోవాట్ల వేడి 10 మిల్లీమీటర్ల ఉక్కు గోడ గుండా లోపలికి ప్రవహించడానికి గోడ రెండు ముఖాల మధ్య కేవలం 12 డిగ్రీల భేదం చాలు. లోపలి ద్రవం మరుగుతూ ఆ వేడిని గ్రహిస్తుంది కనుక తడి గోడ ద్రవం కంటే కొద్ది పదుల డిగ్రీలు మాత్రమే ఎక్కువ వేడిగా ఉంటుంది. ఉక్కుకు ఇది ఏమాత్రం ప్రమాదకరం కాదు. పొడి గోడ వెనుక ఉన్నది ఆవిరి. ఆవిరి వేడిని గ్రహించే సామర్థ్యం అత్యల్పం. వచ్చిన వేడి అంతా ఉక్కులోనే చేరి దాని ఉష్ణోగ్రతను పెంచుతుంది.

ఉక్కు కరగడానికి 1400 డిగ్రీలకు పైగా కావాలి కదా అన్న సందేహం సహజం. కాని పాత్ర విఫలం కావడానికి ఉక్కు కరగనవసరం లేదు, మెత్తబడితే చాలు. యూరోపియన్ నిర్మాణ ప్రమాణాల ప్రకారం సాధారణ ఉక్కు 500 డిగ్రీల వద్ద తన బలంలో 78 శాతం, 600 వద్ద 47 శాతం, 700 వద్ద 23 శాతం, 800 వద్ద 11 శాతం మాత్రమే నిలుపుకొంటుంది.

ఉదాహరణ గణన

లంకెలపాలెం నుంచి పరవాడ వైపు వచ్చే మార్గంలో ఒక ఎల్.పి.జి. ట్యాంకర్ నిలిచి ఉండగా దాని కింద చిందిన ఇంధనం అంటుకొని ట్యాంకర్ మొత్తం మంటల్లో చిక్కుకుందని ఊహిద్దాం. ఇది కల్పిత సన్నివేశం. ట్యాంకు వ్యాసం 2.2 మీటర్లు, పొడవు 10 మీటర్లు, గోడ మందం 10 మిల్లీమీటర్లు, సరుకు 15 టన్నులు, తొలి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, మంట 800 డిగ్రీలు అని తీసుకుందాం. సౌలభ్యం కోసం సరుకును శుద్ధ ప్రొపేన్‌గా భావించడమైనది.

మొదటి దశ: పొడి గోడ ఎంత? 15 టన్నుల ప్రొపేన్ ట్యాంకు ఘనపరిమాణంలో సుమారు 82 శాతం ఆక్రమిస్తుంది. కాని పాత్ర స్తూపాకారంలో ఉన్నందువల్ల ఖాళీ 18 శాతమే అయినా గోడ చుట్టుకొలతలో దాదాపు మూడో వంతుకు ద్రవం తగలదు. విద్యార్థులు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలి. ‘ట్యాంకర్ నిండుగా ఉంది’ అన్నంత మాత్రాన గోడ అంతా తడిగా ఉన్నట్లు కాదు.

రెండవ దశ: ద్రవం వేడెక్కడం. సుమారు 50 చదరపు మీటర్ల తడి గోడ గుండా చదరపు మీటరుకు 60 కిలోవాట్ల చొప్పున 3000 కిలోవాట్ల వేడి లోపలికి వెళుతుంది. దీనివల్ల ద్రవ ఉష్ణోగ్రత నిమిషానికి 4 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. సుమారు నాలుగు నిమిషాల్లో అది 46 డిగ్రీలకు చేరి, లోపలి పీడనం 14.5 బార్ల స్థాయికి వస్తుంది. సేఫ్టీ వాల్వు ఈ పీడనానికి అమర్చి ఉంటే అప్పుడు తెరుచుకొని ఆవిరిని బయటకు వదలడం ప్రారంభిస్తుంది.

మూడవ దశ: వాల్వు తెరుచుకున్న తరువాత. వాల్వు పీడనాన్ని అదుపులో ఉంచుతుంది, కాని గోడను చల్లబరచదు. పైగా ఆవిరి బయటకు పోయేకొద్దీ ద్రవ మట్టం తగ్గి పొడి గోడ విస్తరిస్తుంది. 3000 కిలోవాట్ల వేడికి సెకనుకు సుమారు 10 కిలోల ప్రొపేన్ ఆవిరి అవుతుంది. అంటే నిమిషానికి 600 కిలోలు. ఆ లెక్కన 15 టన్నులు 25 నిమిషాల్లో హరించుకుపోతాయి.

నాల్గవ దశ: పొడి గోడ ఉష్ణోగ్రత. చదరపు మీటరు విస్తీర్ణం గల 10 మిల్లీమీటర్ల ఉక్కును ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 47 కిలోజౌళ్లు కావాలి. మంటలోని వికిరణంలో 80 శాతాన్ని గోడ గ్రహిస్తుందనుకుంటే తొలుత చదరపు మీటరుకు 60 కిలోవాట్లు చేరతాయి. గోడ వేడెక్కేకొద్దీ తానే తిరిగి వెదజల్లుతుంది గనుక 600 డిగ్రీల వద్ద నికరంగా 34 కిలోవాట్లు మాత్రమే మిగులుతాయి. ఈ మార్పును అంచెలంచెలుగా లెక్కిస్తే 30 నుంచి 600 డిగ్రీలకు చేరడానికి సుమారు 9 నిమిషాలు పడుతుంది.

ఐదవ దశ: బలం, భారం పోల్చడం. 14.5 బార్ల పీడనం వల్ల గోడలో ఏర్పడే చుట్టు ప్రతిబలం పీడనాన్ని వ్యాసంతో హెచ్చవేసి మందానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. ఈ ఉదాహరణలో అది 160 మెగాపాస్కళ్లు. చల్లగా ఉన్నప్పుడు 350 మెగాపాస్కళ్లు తట్టుకునే ఉక్కు 600 డిగ్రీల వద్ద దానిలో 47 శాతం, అంటే సుమారు 165 మెగాపాస్కళ్లు మాత్రమే తట్టుకోగలదు. భారం 160, బలం 165. వాల్వు చక్కగా పనిచేస్తున్నా పాత్ర చీలే అంచున నిలిచింది.

ఆ చీలిక తరువాత జరిగేదే ‘బ్లెవీ’గా పిలిచే పేలుడు. పీడనంలో ఉన్న వేడి ద్రవం ఒక్కసారిగా వాతావరణ పీడనానికి వచ్చి, దానిలో పెద్ద భాగం క్షణాల్లో ఆవిరిగా మారి వ్యాకోచిస్తుంది. మండే పదార్థమైతే అగ్నిగోళం ఏర్పడుతుంది. ప్రచారంలో ఉన్న అనుభవ సూత్రం ప్రకారం 15 టన్నులకు అగ్నిగోళ వ్యాసం సుమారు 143 మీటర్లు, నిలిచే కాలం 11 సెకన్లు. వికిరణ గాయాలు దీనికి చాలా దూరం వరకు సంభవిస్తాయి, పాత్ర ముక్కలు ఇంకా దూరం ఎగిరిపడగలవు.

ఏ అంశం ఎంత ప్రభావం చూపుతుంది

నమూనాలో ఒక్కొక్క అంశాన్ని మార్చి చూడటాన్ని సున్నితత్వ పరీక్ష అంటారు. పై ఉదాహరణలో పొడి గోడ 600 డిగ్రీలకు చేరే కాలం కింది విధంగా మారుతుంది.

మూల స్థితి, 10 మిల్లీమీటర్ల గోడ, 800 డిగ్రీల మంట: సుమారు 9 నిమిషాలు.
గోడ మందం 12 మిల్లీమీటర్లు: సుమారు 10.5 నిమిషాలు.
మంట 871 డిగ్రీలు: సుమారు 6.5 నిమిషాలు.
1204 డిగ్రీల జెట్ మంట ఒకేచోట తాకినప్పుడు: 2 నిమిషాలకు కొంచెం పైగా.
1 మిల్లీమీటరు రేకు గల డ్రమ్ము, 800 డిగ్రీల మంట: నిమిషం లోపు.
10 మిల్లీమీటర్ల గోడపై 13 మిల్లీమీటర్ల సిరామిక్ పీచు కవచం: సుమారు 70 నిమిషాలు.

ఈ అంకెల్లో రెండు పాఠాలున్నాయి. మొదటిది, ఉక్కు మందం 20 శాతం పెంచితే లభించేది నిమిషంన్నర. బొటనవేలి మందం కూడా లేని కవచం వల్ల లభించేది గంట. రెండవది, వాల్వు నుంచి గాని, పగిలిన పైపు నుంచి గాని వెలువడే జెట్ మంట పక్క ట్యాంకర్ పొడి గోడను తాకితే అన్ని లెక్కలూ తలకిందులవుతాయి. ట్యాంకర్లను ఒకదాని పక్కన ఒకటి ఆనించి నిలిపే అలవాటు ఎంత ప్రమాదకరమో దీనివల్ల తెలుస్తుంది.

క్షేత్ర పరీక్షలతో పోలిక

ప్రయోగంతో సరిచూడని నమూనా విశ్వసనీయం కాదు. 1970లో అమెరికాలోని క్రెసెంట్ సిటీ, 1973లో కింగ్‌మన్ పట్టణాల్లో ఎల్.పి.జి. రైలు ట్యాంకర్లు మంటల్లో పేలాయి. కింగ్‌మన్‌లో 11 మంది అగ్నిమాపక సిబ్బంది మరణించారు. తదనంతరం వైట్ శాండ్స్ ప్రయోగక్షేత్రంలో పూర్తి పరిమాణపు రైలు ట్యాంకర్లను ఉద్దేశపూర్వకంగా మంటల్లో ఉంచి పరీక్షించారు. కవచం లేని ట్యాంకర్ 24–25 నిమిషాల మధ్య చీలిపోగా, పలుచని ఉష్ణరక్షక పూత గలది గంటన్నర వరకు నిలిచింది. రైలు ట్యాంకర్ల గోడలు మందంగా ఉంటాయి, సరుకూ ఎక్కువ. అందువల్ల వాటి కాలం పై ఉదాహరణ కంటే ఎక్కువగా ఉండటం సహజం. కవచం ఉన్నవి, లేనివి మధ్య నిష్పత్తి మాత్రం నమూనా సూచించిన దిశలోనే ఉంది. ఈ అనుభవంతో ఆ దేశంలో ఉష్ణరక్షణ గల రైలు ట్యాంకర్లు పూర్తి మంటలో 100 నిమిషాలు, జెట్ మంటలో 30 నిమిషాలు సరుకును వదలకుండా నిలవాలన్న ప్రమాణం ఏర్పడింది. అణుధార్మిక పదార్థాల బి-రకం పాత్రలకు 800 డిగ్రీల మంటలో 30 నిమిషాల పరీక్షను అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిర్దేశించింది.

మన దేశంలో పీడన పాత్రల నిర్మాణం, పరీక్ష, లైసెన్సులు 2016 నాటి స్థిర, సంచార పీడన పాత్రల నియమావళి కింద పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పర్యవేక్షణలో ఉన్నాయి. రహదారి రవాణాకు 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి వర్తిస్తుంది. రహదారులపై కనిపించే ఎల్.పి.జి. ట్యాంకర్లు సాధారణంగా కవచం లేనివే కావడం వల్ల 70 నిమిషాల ఆశ కాక, 9 నిమిషాల హెచ్చరికే వాటికి వర్తిస్తుందని భావించడం క్షేమకరం.

నమూనా పరిమితులు

పై గణన ఒక అంచనా మాత్రమే. గాలి వీస్తే మంట ఒకవైపు వాలి కొంత గోడ తప్పించుకోవచ్చు. ట్యాంకర్ బోల్తాపడితే వాల్వు ద్రవ భాగంలోకి రావచ్చు. అప్పుడు ఆవిరికి బదులు ద్రవం వెలువడి పీడనం తగినంతగా తగ్గదు, బయట మంట మరింత పెరుగుతుంది. ఢీకొన్న దెబ్బకు సొట్టపడిన చోట గోడ బలం ముందే తగ్గి ఉంటుంది. ఈ కారణాల వల్ల నమూనా ఇచ్చే 9 నిమిషాలను హామీగా తీసుకోరాదు. అంతకు ముందే పేలవచ్చు, తరువాత పేలవచ్చు, పేలకపోనూ వచ్చు.

సరుకును బట్టి కూడా విఫలమయ్యే తీరు మారుతుంది. 1000 లీటర్ల ప్లాస్టిక్ ఐ.బి.సి. పాత్ర సుమారు 130 డిగ్రీలకే మెత్తబడి కరుగుతుంది. అది పేలదు గాని, లోపలి ద్రావణిని ఒలకబోసి మంటను విస్తరింపజేస్తుంది. అమ్మోనియాకు అంటుకునే స్వభావం తక్కువ. గాలిలో 15 నుంచి 28 శాతం ఉన్నప్పుడే అది మండుతుంది. అయితే వాహనపు డీజిలు మంటకు అమ్మోనియా ట్యాంకర్ చీలితే అగ్నిగోళానికి బదులు విషవాయు మేఘం గ్రామంపైకి వస్తుంది. అమ్మోనియా వాయువు గాలి కంటే తేలికే అయినా, పీడనం నుంచి వెలువడిన చల్లని తుంపరల మేఘం నేలను అంటిపెట్టుకొని ప్రయాణిస్తుంది. దాని దారిలోని పైరు ఆకులు గంటల్లో మాడిపోతాయి.

మరికొన్ని పదార్థాల్లో వేడి బయటి నుంచి కాక లోపలి నుంచే పుడుతుంది. 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ట్యాంకులో బయట మంట లేకుండానే రసాయన చర్య వేడెక్కి, ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. అమ్మోనియం నైట్రేట్ 170 డిగ్రీల వద్ద కరిగి, 210 డిగ్రీలకు పైన విచ్ఛిత్తి చెందుతుంది. మలినాలు కలిసి, గాలి ఆడని చోట వేడెక్కితే విస్ఫోటనం చెందగలదు. 2020 ఆగస్టు 4న బీరూట్ రేవులో 2750 టన్నుల నిల్వ పేలి 200 మందికి పైగా మరణించిన ఘటన ఇందుకు నిదర్శనం. ఇటువంటి పదార్థాలకు తడి గోడ, పొడి గోడ నమూనా చాలదు, రసాయన చర్యా వేగాన్ని కూడా లెక్కలో చేర్చాలి.

నీరు ఎంత కావాలి

పొడి గోడను కాపాడే ఉపాయం దానిని బయటి నుంచి తడి గోడగా మార్చడమే. చదరపు మీటరుకు 60 కిలోవాట్ల వేడిని పూర్తిగా ఆవిరి రూపంలో తొలగించడానికి సిద్ధాంతరీత్యా నిమిషానికి 1.4 లీటర్ల నీరు చాలు. అయితే చాలా నీరు జారిపోతుంది, గాలికి చెదురుతుంది. అందువల్ల ఆచరణలో చదరపు మీటరుకు నిమిషానికి సుమారు 10 లీటర్లు అవసరమని ప్రమాణాలు నిర్దేశిస్తాయి. వ్యవసాయ పరిభాషలో చెప్పాలంటే ఇది నిమిషానికి 10 మిల్లీమీటర్ల వాన, గంటకు 600 మిల్లీమీటర్లు. ఒక వరి పంటకు మొత్తం కాలంలో ఇచ్చే 1200 మిల్లీమీటర్ల నీటిని రెండు గంటల్లో కుమ్మరించినట్లు. ఉదాహరణలోని ట్యాంకర్ ఉపరితలం సుమారు 80 చదరపు మీటర్లు గనుక నిమిషానికి 800 లీటర్లు కావాలి. 4500 లీటర్ల నీరు మోసే అగ్నిమాపక వాహనం ఆరు నిమిషాల లోపే ఖాళీ అవుతుంది. బిందెలతో, పొలం గొట్టంతో ప్రయత్నించడం ఎంత నిష్ఫలమో, ఎంత ప్రాణాంతకమో ఈ అంకెలే చెబుతాయి.

విస్తరణ కార్యక్రమాలకు సూచనలు

ఎల్.పి.జి. గాని, అమ్మోనియా గాని మోసే ట్యాంకర్ మంటల్లో చిక్కుకుంటే అన్ని దిక్కులా 1600 మీటర్ల దూరం ఖాళీ చేయాలని అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న అత్యవసర మార్గదర్శిని సూచిస్తుంది. గంటకు 5 కిలోమీటర్ల నడకతో 1600 మీటర్లకు 19 నిమిషాలు పడుతుంది. 9 నిమిషాల్లో నడవగలిగేది 750 మీటర్లు మాత్రమే. వృద్ధులు, పసిపిల్లలు ఉన్న కుటుంబాలకు అది ఇంకా తక్కువ. కనుక వేచి చూసి నిర్ణయించే వ్యవధి అసలు లేదు. మొదటి నిమిషంలోనే కదలాలి.

పారిశ్రామిక ప్రాంతాలకు చేరువలోని గ్రామాల్లో కృషి విజ్ఞాన కేంద్రాలు, వ్యవసాయ అధికారులు నిర్వహించే రైతు శిక్షణల్లో కింది అంశాలను చేర్చడం ఉపయోగకరం.

1. ట్యాంకర్ వెనుక, పక్కల ఉండే అత్యవసర సమాచార ఫలకాన్ని దూరం నుంచే చదవడం నేర్పాలి. దానిపై ఉండే నాలుగంకెల ఐక్యరాజ్యసమితి సంఖ్య పదార్థాన్ని తెలుపుతుంది. ఎల్.పి.జి. 1075, నిర్జల అమ్మోనియా 1005, మిథనాల్ 1230, టోలీన్ 1294, అమ్మోనియం నైట్రేట్ 1942, స్టైరీన్ 2055. అగ్నిమాపక కేంద్రానికి 101 నంబరుకు ఫోను చేసినప్పుడు ఈ సంఖ్యను, స్థలాన్ని చెప్పగలిగితే విలువైన నిమిషాలు ఆదా అవుతాయి.

2. సేఫ్టీ వాల్వు ఈల శబ్దాన్ని ‘గ్యాసు పోతోంది, ఇక భయం లేదు’ అని భావించరాదు. మట్టం తగ్గుతోందనీ, పొడి గోడ పెరుగుతోందనీ అది తెలిపే సూచన. శబ్దం తీవ్రత పెరిగినా, గోడ రంగు మారినా ప్రమాదం అత్యంత సమీపంలో ఉన్నట్లే.

3. బోల్తాపడిన ట్యాంకర్ నుంచి కారే ఇంధనాన్ని పట్టుకోవడానికి, దృశ్యాలు చిత్రీకరించడానికి గుమికూడే అలవాటును గట్టిగా నిరుత్సాహపరచాలి.

4. అమ్మోనియా మేఘం వస్తున్నప్పుడు గాలి వీచే దిశకు అడ్డంగా, మేఘానికి దూరంగా కదలాలి. ముక్కు, నోటికి తడి గుడ్డ కట్టుకోవాలి. కట్టేసిన పశువుల పలుపులు విప్పగలిగితే విప్పాలి, అందుకోసం వెనక్కి మాత్రం పోరాదు.

5. పురుగుమందుల దుకాణాల్లో, సహకార గిడ్డంగుల్లో ఇ.సి. మందుల డబ్బాలను అమ్మోనియం నైట్రేట్ గల ఎరువులకు దూరంగా నిల్వ చేయించాలి. పలుచని రేకు డబ్బా నిలకడ నిమిషం లోపేనని విక్రేతలకు తెలియజెప్పాలి.

6. తాడి, తానాం వంటి గ్రామాల్లో ఏటా రెండు మార్లు, ఖరీఫ్ నాట్లకు ముందు, రబీ కోతల తరువాత, ఖాళీ చేసే అభ్యాసం నిర్వహించి ఇంటి గడప నుంచి సురక్షిత స్థలానికి పట్టే కాలాన్ని నమోదు చేయాలి. ఆ కాలం తొమ్మిది నిమిషాలకు మించితే దారిని గాని, స్థలాన్ని గాని మార్చవలసి ఉంటుంది.

ముగింపు

అగ్ని నమూనాల ప్రయోజనం ట్యాంకర్ తయారీదారుకు మాత్రమే పరిమితం కాదు. అవి ఇచ్చే ఫలితం నిమిషాల్లో ఉంటుంది. ఆ నిమిషాలను గ్రామం నుంచి బయటపడటానికి పట్టే నిమిషాలతో పోల్చినప్పుడే వాటికి సార్థకత. ఉష్ణ కవచం ఆ కాలాన్ని తొమ్మిది నుంచి డెబ్బైకి పెంచగలదని గణన, ప్రయోగం రెండూ ఒకే దిశలో చూపుతున్నాయి. రద్దీ గల పారిశ్రామిక మార్గాల్లో తిరిగే ట్యాంకర్లకు కవచాన్ని తప్పనిసరి చేసే విషయం విధాన నిర్ణేతల పరిశీలనకు అర్హమైనది. ఆ రోజు వచ్చేవరకు పరవాడ పొలాల్లో పనిచేసే రైతుకు, కూలీకి అందుబాటులో ఉన్న రక్షణ ఒక్కటే: మంట కనిపించిన మొదటి నిమిషంలో, ఈల వినిపించే వరకు ఆగకుండా, దూరం జరగడం. ఈ ఒక్క విషయాన్ని ప్రతి రైతు శిక్షణలోను చెప్పగలిగితే విస్తరణ వ్యవస్థ తన బాధ్యతలో ఒక ముఖ్య భాగాన్ని నెరవేర్చినట్లు అవుతుంది.